సంగీతాభిరుచి: వాదించడం ఎలా?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సంగీతం గురించి మనం చేసే వ్యాఖ్యల్లో ఇష్టాన్ని, లక్షణాన్ని, విలువను వేరుచేసి గుర్తించగలుగుతారు.
• ఒక ప్రదర్శనను ఏ కొలతతో కొలవాలో నిర్ణయించుకోగలుగుతారు.
• విన్న కచేరీ జ్ఞాపకాన్ని సాక్ష్యంగా ఎంతవరకు తీసుకోవచ్చో చెప్పగలుగుతారు.
• మీ ఊళ్లో చూసిన ఒక ప్రదర్శన మీద కారణాలతో కూడిన సమీక్ష రాయగలుగుతారు.

1. పరిచయం

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఉన్న మా నౌపడ పేరు వినగానే చాలామందికి రెండు విషయాలు గుర్తుకొస్తాయి. ఒకటి, ఉప్పు మడులు. రెండు, రైల్వే జంక్షన్. హౌరా–చెన్నై ప్రధాన మార్గం నుంచి పర్లాకిమిడి, గుణుపూర్ వైపు వెళ్లే లైను ఇక్కడే విడిపోతుంది. 1900లో అది పర్లాకిమిడి వరకు నడిచే చిన్న గేజి రైలుగా మొదలైంది. ఈ ప్రాంతపు పల్లెల్లో పెరిగినవారికి మూడో విషయం కూడా తెలుసు. అమ్మవారి సంబరం ముగిసిన మర్నాడు టీ కొట్టు దగ్గర జరిగే వాదన. రాత్రి ఎవరు బాగా పాడారు? ఏ పద్యం తేలిపోయింది? పోయినసారి వచ్చిన సమాజం మేలా, ఈసారి వచ్చినది మేలా?

ఈ వాదనలు సాధారణంగా రెండు విధాలుగా ముగుస్తాయి. గొంతు పెద్దదున్నవాడు గెలుస్తాడు. లేదంటే ఎవరో ఒక పెద్దమనిషి “జిహ్వకో రుచి, పుర్రెకో బుద్ధి. ఎవరి ఇష్టం వారిది, వదిలేయండి” అంటాడు. ఈ రెండు ముగింపుల్లోనూ సంగీతం గురించి ఎవరికీ కొత్తగా తెలిసేదేమీ ఉండదు. కారణాలు చెప్పి, విని, అవసరమైతే అభిప్రాయం మార్చుకునే మూడో దారి ఒకటుంది. ఈ పాఠంలో దాన్ని నేర్చుకుందాం.

2. మూడు రకాల వాక్యాలు

ఉప్పుతోనే మొదలుపెడదాం. ఈ మూడు వాక్యాలు చూడండి.

(అ) “ఈ రాశిలో ఉప్పు ఇంకా తడిగా ఉంది.”
(ఆ) “ఈ పులుసుకు ఉప్పు చాలలేదు.”
(ఇ) “నాకు కూరలో ఉప్పు కాస్త ఎక్కువే ఉండాలి.”

మొదటి వాక్యాన్ని ఎవరైనా పరీక్షించి చూడవచ్చు. చేత్తో పట్టి చూస్తే తెలుస్తుంది. దీన్ని లక్షణ వాక్యం అందాం. మూడో వాక్యం చెప్పినవారి గురించి మాత్రమే చెబుతుంది. దాన్ని కాదనడానికి మనకు హక్కు లేదు. ఇది ఇష్ట వాక్యం. రెండోది ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. పులుసు అంటే ఎలా ఉండాలో, అందులో పులుపుకూ కారానికీ ఉప్పుకూ ఎలాంటి పొత్తు కుదరాలో తెలిసినవారు ఇచ్చే తీర్పు అది. కేవలం కొలిచి తేల్చలేం, అలాగని కేవలం ఇష్టమూ కాదు. కారణం అడిగితే చెప్పగలగాలి. దీన్ని విలువ వాక్యం అందాం.

సంగీతంలోనూ ఇంతే. “ఆ పద్యంలో రెండోసారి శ్రుతి తప్పింది” అనేది లక్షణ వాక్యం. “ఆ రాగం ఆ పద్యానికి నప్పలేదు” అనేది విలువ వాక్యం. “నాకు ఆయన గొంతంటే ప్రాణం” అనేది ఇష్ట వాక్యం. వాదనలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఇష్టాన్ని లక్షణంలా ప్రకటిస్తాం: “ఆయన్ని మించిన గాయకుడు లేడు.” లక్షణాన్ని ఇష్టంగా కొట్టిపారేస్తాం: “శ్రుతి తప్పిందంటావా? అది నీ చెవి తీరు.” అన్నిటికంటే విలువైనవి విలువ వాక్యాలే. వాటికి కారణం అడగడం మాత్రం మరచిపోతాం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
కింది వాక్యాలు ఏ రకానికి చెందుతాయి?
(i) “ఘంటసాల పాట వింటే నాకు మా నాన్న గుర్తొస్తాడు.”
(ii) “మద్దెల తాళం కంటే ముందు పరిగెత్తింది.”
(iii) “కథ మధ్యలో అంత హాస్యం పెట్టడం ఆ దుఃఖాన్ని చెరిపేసింది.”

3. ఒక వాదనను విడదీసి చూద్దాం: పద్యమా, రాగమా?

తెలుగు పద్యనాటకం చుట్టూ దశాబ్దాలుగా నడుస్తున్న వాదన ఒకటుంది. నటుడు పద్యం ఎత్తుకుంటాడు. చివరి పాదం దగ్గర రాగం అందుకుని నిమిషాల తరబడి సాగదీస్తాడు. హార్మోనియం వెంట నడుస్తుంది. జనం “వన్స్ మోర్” అంటారు. పద్యం మళ్లీ మొదలవుతుంది. మర్నాడు ఇద్దరు ఇలా వాదించుకుంటారు.

“ఏటి మావా, ఆ రాగానికి ఊరు ఊరంతా లేచి కూకుంది గదా!”
“లేచి కూకుంది నిజమేరా అల్లుడూ. ఆ పద్యంలో కృష్ణుడు ఏటన్నాడో ఒక్కడు సెప్పమను.”

ఇద్దరిదీ ఇష్టాయిష్టాల తేడా అని తోసేయకండి. వీరి మధ్య అసలు ప్రశ్న ఒకటి దాగి ఉంది: నాటకంలో పద్యం చేయవలసిన పని ఏమిటి?

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలో రాయబార ఘట్టాన్ని తీసుకోండి. కృష్ణుడు కౌరవ సభలో నిలబడి ఒప్పించడానికి, హెచ్చరించడానికి వచ్చాడు. అక్కడ పద్యం ఒక వాదం. ఒక మాట మీద మరో మాట పేర్చుకుంటూ పోతుంది. అర్థం ఎక్కడ విరుగుతుందో అక్కడ విరిస్తేనే సభకూ మనకూ అందుతుంది. రాగం కోసం మాటను మధ్యలో తుంచితే వాదం తెగిపోతుంది. అదే హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను తీసుకోండి. అక్కడ పద్యం విలాపం. చెప్పవలసిన సంగతి ప్రేక్షకులకు ముందే తెలుసు. మిగిలింది దుఃఖం నిలవడానికి కావలసిన సమయం. అక్కడ సాగిన రాగం ఆ సమయాన్ని ఇస్తుంది. కాబట్టి “రాగం ఎక్కువైందా?” అనే ప్రశ్నకు అన్ని పద్యాలకూ ఒకే జవాబు ఉండదు. “ఈ పద్యం ఇక్కడ ఏ పని చేయాలి? ఆ పనికి ఈ రాగం తోడ్పడిందా, అడ్డుపడిందా?” అని అడిగితే మామా అల్లుళ్లిద్దరూ ఒకే ప్రశ్న మీదికి వస్తారు. అప్పుడే అది నిజమైన వాదన అవుతుంది.

ఉత్తరాంధ్రకు ఈ చర్చ కొత్తది కాదు. శ్రీకృష్ణ పాత్రతో తెలుగునాడంతటా పేరు తెచ్చుకున్న పీసపాటి నరసింహమూర్తి ఈ ప్రాంతంవారే. విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) తరవాత సినిమాలో పద్యానికి మరో నడక ఇచ్చారు. రాగం క్లుప్తం, ఉచ్చారణ స్పష్టం, అర్థం ముందు. సినిమాలో ఆలాపనకు దొరికే సమయం కొద్ది. కెమెరా నటుడి ముఖాన్ని దగ్గరగా చూపిస్తుంది కనుక భావమంతా గొంతే మోయనక్కరలేదు. రంగస్థలం మీద చివరి వరుసలో కూర్చున్నవారికి ముఖం కనబడదు, గొంతే అన్నీ మోయాలి. ఈ తేడా తెలియకుండా “ఘంటసాల పద్యమే పద్యం” అన్నా, “స్టేజీ పద్యం ముందు సినిమా పద్యమెంత” అన్నా రెండు వేర్వేరు పనిముట్లను ఒకే పనికి పోల్చినట్లే.

4. లక్షణం తెలిసినా వాదన ఎందుకు తీరదు?

“శాస్త్రం తెలిస్తే గొడవే ఉండదు” అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఒక ప్రసిద్ధ ఉదాహరణ చూద్దాం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) మహతి, లవంగి, సుముఖం వంటి రాగాలను నాలుగేసి స్వరాలతో కల్పించారు. సంప్రదాయం ప్రకారం రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలి. ఐదున్నవి ఔడవం, ఆరున్నవి షాడవం, ఏడూ ఉన్నవి సంపూర్ణం. నాలుగు స్వరాల వరసను రాగమనవచ్చా? ఈ విషయమై సంగీత లోకంలో గట్టి వాదోపవాదాలు జరిగాయి. బాలమురళిని బహిరంగంగా ప్రశ్నించినవారిలో వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ ముఖ్యులు.

ఇక్కడ లక్షణం గురించి తగాదా లేదు. స్వరాలు నాలుగే అని ఇరుపక్షాలకూ తెలుసు. తగాదా ఆ లక్షణానికి ఇవ్వవలసిన విలువ గురించి. రాగమంటే తరతరాల వాడుకలో రూపుదిద్దుకున్నదా, లేక సమర్థుడైన గాయకుడు నిలబెట్టి చూపగలిగినదా? ఈ ప్రశ్నకు లెక్క సమాధానం చెప్పదు. వినికిడి, ఆలోచన, కాలం కలిసి చెబుతాయి. మహతి రాగం 1975లో వచ్చిన “అపూర్వ రాగంగళ్” అనే తమిళ చిత్రంలో పాటగా లక్షలమంది చెవిన పడింది. అలా జనానికి చేరడం కూడా ఈ వాదనలో ఒక సాక్ష్యమే. అయితే చివరి తీర్పు మాత్రం కాదు.

5. మంచి శ్రోత ఎవరు? భరతుడు, హ్యూమ్

నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో భరతుడు ప్రదర్శన సఫలమైందో లేదో ఎలా తెలుసుకోవాలో చర్చించాడు. అందులో మూడు సంగతులు మన పాఠానికి బాగా పనికొస్తాయి.

మొదటిది: సిద్ధి రెండు రకాలు. ప్రేక్షకుల చిరునవ్వు, మెచ్చుకోలు కేకలు, గగుర్పాటు, లేచి నిలబడటం, బహుమానాలివ్వడం మానుషీ సిద్ధికి గుర్తులు. ప్రేక్షకులతో రంగం నిండి ఉండి, చప్పుడు గానీ కలవరం గానీ లేకపోవడం దైవికీ సిద్ధికి గుర్తు. మన “వన్స్ మోర్” మొదటి రకం. కాటి సీనులో పందిరంతా ఊపిరి బిగబట్టడం రెండో రకం. చప్పట్లను మాత్రమే లెక్కపెట్టేవారు రెండో సిద్ధిని లెక్కలోకి తీసుకోనట్లే.

రెండోది: తీర్పు చెప్పవలసినవారు ఒక్కరు కాదు, పదిమంది. వారిలో నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వైయాకరణుడు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు కూడా ఉన్నారు. ఎవరికి ఏది తెలుసో వారు దాని మీదే తీర్పు చెప్పాలి. స్వరం సంగతి గాయకుడు చూస్తాడు, విల్లు పట్టిన తీరు విలుకాడు చూస్తాడు. అంటే ఒకే ప్రదర్శనకు అనేక కొలతలుంటాయి.

మూడోది: అందరూ ఒకేదానికి సంతోషించరు. పడుచువారికి శృంగారం, వీరులకు యుద్ధం, పెద్దలకు పురాణకథ నచ్చుతాయని భరతుడు గుర్తించాడు. దాన్ని లోపంగా చూడలేదు.

స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచికి ప్రమాణం ఉంటుందా అని ఒక వ్యాసం రాశాడు. అందులో “డాన్ కిహోటే” నవలలోని కథ ఒకటి వాడుకున్నాడు. ఇద్దరు రుచిచూపరులు పీపాలోని ద్రాక్షసారా రుచి చూస్తారు. మంచిదే గానీ తోలు వాసన వేస్తోందంటాడు ఒకడు. ఇనుము రుచి తగులుతోందంటాడు రెండోవాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ చేస్తే అడుగున తోలు తాడు కట్టిన తాళంచెవి దొరుకుతుంది. ఇద్దరిదీ సున్నితమైన నాలుకే, ఇద్దరూ చెప్పింది నిజమే. నిశితమైన గ్రహణశక్తి, అభ్యాసం, పోల్చి చూసే అలవాటు, దురభిమానం లేకపోవడం ఉంటే మంచి విమర్శకుడవుతాడని హ్యూమ్ అంటాడు. వయసును బట్టి, స్వభావాన్ని బట్టి కొన్ని ఇష్టాలు మారతాయని, వాటిని తప్పుపట్టలేమని కూడా ఒప్పుకుంటాడు. ఇద్దరిదీ వేర్వేరు కాలం, వేర్వేరు దేశం. అయినా ఇష్టానికి స్వేచ్ఛ ఇస్తూనే తీర్పుకు శిక్షణ కావాలన్న విషయంలో భరతుడూ హ్యూమూ కలుస్తారు.

6. కొలత ఎవరిది?

19వ శతాబ్దం తొలినాళ్లలో కర్ణాటక సంగీతంలోకి వచ్చిన వయొలిన్ చాలాకాలం ప్రధానంగా పక్కవాద్యమే. గాయకుణ్ణి నీడలా అనుసరించడం దాని గొప్ప. 1919లో విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతి నెలకొల్పిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. అక్కడే వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) 1936లో అధ్యక్షులయ్యారు. వయొలిన్ ఒంటరిగా కచేరీని మోయగలదని నిరూపించినవారిలో ఆయన అగ్రగణ్యులు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. పక్కవాద్యంగా కొలిచేటప్పుడు అనుసరణ గుణం. ఒంటరి వాద్యంగా కొలిచేటప్పుడు రాగాన్ని సొంతంగా కట్టుకుపోవడం గుణం. వాద్యం అదే, కొలత మారింది.

ఇప్పుడు జముకుల కథ వద్దకు రండి. జముకు ఒక చివర చర్మం మూసిన పాత్ర. చర్మం మధ్యనుంచి వచ్చే తీగను లాగి మీటుతూ, బిగువు పెంచుతూ తగ్గిస్తూ ఉంటే నాదం పైకీ కిందికీ జారుతుంది. ఆ జారుడే దాని అందం. కథకుడి మాటకు అది ఊతమిస్తుంది, వెక్కిరిస్తుంది, ఏడుస్తుంది. హార్మోనియం మెట్లకు అలవాటుపడిన చెవితో దాన్ని “శ్రుతి లేని మోటు వాద్యం” అంటే అది లక్షణ వాక్యంలా వినిపిస్తుంది గానీ కాదు. ఒక రూపపు కొలతను మరో రూపం మీద రుద్దడం. రొమ్మున కట్టిన వాద్యాన్ని వాయిస్తూ, గజ్జెలతో ఆడుతూ పాడే తప్పెటగుళ్ల కళాకారుణ్ణి కూర్చుని పాడే విద్వాంసుడి గమకంతో పోల్చినా అంతే.

ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త పియర్ బూర్దియూ 1979లో ప్రచురించిన గ్రంథంలో అభిరుచి కేవలం వ్యక్తిగతం కాదని వాదించాడు. చదువు, కుటుంబం, సమాజంలో ఉన్న స్థానం మన చెవిని తయారుచేస్తాయి. తరవాత ఆ చెవినే మనం ఇతరులకంటే పైవాళ్లమని చూపడానికి వాడతాం. “మోటు” అనే మాట మీ నోట వచ్చినప్పుడు అది వాద్యం గురించి చెబుతోందా, వాయించేవారి కులం, ఊరు, చదువు గురించి చెబుతోందా అని ఒక్క క్షణం ఆగి చూసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
మీకు తెలిసిన ఒక జానపద కళారూపానికి తగిన మూడు కొలతలు రాయండి. ఒక్కో కొలత ఎందుకు తగినదో ఒక వాక్యంలో చెప్పండి.

7. మరపురాని కచేరీ: జ్ఞాపకం సాక్ష్యమేనా?

“ఆ రోజు విన్న పాట మళ్లీ వినలేదు” అని పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే అది దేని గురించి? ప్రత్యక్ష ప్రదర్శనలో పాట ఒక్కటే ఉండదు. ఎడ్లబండి మీద వెళ్లిన దారి, పక్కన కూర్చున్న మనుషులు, తెల్లవారుజాము చలి, మన వయసు అన్నీ కలిసి ఒకే జ్ఞాపకంగా గడ్డకడతాయి. తరవాత ఎన్నిసార్లు చెప్పుకుంటే అన్నిసార్లు కొంచెం కొంచెం మారుతుంది.

ప్రపంచానికి తెలిసిన ఒక ఉదాహరణ ఉంది. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ జానపద గిటారుతో పేరు తెచ్చుకుని, తరవాత విద్యుత్ గిటారు పట్టాడు. పాత అభిమానులు మండిపడ్డారు. 1966 మే 17న ఇంగ్లండులోని మాంచెస్టర్ కచేరీలో ఒక శ్రోత ఆయన్ని “జూడాస్” అని, అంటే నమ్మకద్రోహి అని అరిచాడు. ఆ కచేరీ రికార్డింగు ఏళ్ల తరబడి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు కచేరీగా చేతులు మారింది. ఆ అరిచింది తామేనని తరవాత ఒకరికంటే ఎక్కువమంది చెప్పుకున్నారు. అంత ప్రసిద్ధమైన రాత్రి విషయంలోనే చోటు, మనిషి తారుమారయితే, మన జ్ఞాపకాలను ఎంత జాగ్రత్తగా వాడాలో ఆలోచించండి.

పోనీ, రికార్డు అబద్ధం చెప్పదు కదా? అదీ సగం నిజమే. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పడుతుంది. వేదిక మీద ఎంతసేపైనా సాగే పద్యాన్నీ కీర్తననూ ఆ మూడు నిమిషాల్లో ఇమడ్చవలసి వచ్చేది. అది విని “పూర్వం వాళ్లు ఎంత క్లుప్తంగా పాడేవారో” అంటే మనం గాయకుణ్ణి కాదు, పళ్లాన్ని మెచ్చుకుంటున్నట్లు. రికార్డు స్వరాన్ని దాస్తుంది, సందర్భాన్ని దాచలేదు. జ్ఞాపకం సందర్భాన్ని దాస్తుంది, స్వరాన్ని నమ్మకంగా దాచలేదు. రెండూ కావాలి. దేనిని దేనికి సాక్ష్యంగా పిలుస్తున్నామో తెలిసి ఉండాలి.

8. ఈ వాదనలో పణంగా ఉన్నదేమిటి?

ఇదంతా కాలక్షేపం కాదు. ప్రతి ఏటా ఊరి సంబరాల కమిటీ చందాల డబ్బు ముందు పెట్టుకుని కూర్చుంటుంది. నాటక సమాజాన్ని పిలవాలా, జముకుల కథ పెట్టించాలా, సినిమా పాటల ఆర్కెస్ట్రాను తేవాలా, డీజే పెట్టెలతో సరిపెట్టాలా? అక్కడ “ఎవరి ఇష్టం వారిది” అనే మాట అందరినీ సమానంగా చూస్తున్నట్లు కనిపిస్తుంది. నిజానికి కారణాల నోరు మూయించి నిర్ణయాన్ని సంఖ్యకూ శబ్దానికీ అప్పగిస్తుంది. రెండేళ్లు పిలుపు రాకపోతే జముకు కళాకారుడు కూలిపనికో వలసకో పోతాడు. ఆయన పిల్లలు ఆ వాద్యం ముట్టుకోరు. మరోవైపు “శాస్త్రీయం తప్ప మిగతాది సంగీతం కాదు” అనేవారు కూడా అదే కళాకారుణ్ణి అదే దారి పట్టిస్తారు.

సినిమా పాటను ఇష్టపడటం తప్పు కాదు. కమిటీలో కూర్చున్నప్పుడు మాత్రం ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

(1) ఈ రూపం ఏ పని కోసం పుట్టింది?
(2) ఈ బృందం ఆ పని ఎంత బాగా చేస్తోంది? గుర్తులు ఏమిటి?
(3) నేను చెబుతున్నది లక్షణమా, విలువా, ఇష్టమా?
(4) ఎదుటివారి చెవికి అందింది నా చెవికి ఎందుకు అందలేదు?

నాలుగో ప్రశ్న కష్టమైనది. దానికి జవాబు వెతికేవారి చెవి పెరుగుతుంది.

9. సారాంశం

సంగీతం గురించిన వ్యాఖ్యలు లక్షణం, విలువ, ఇష్టం అని మూడు రకాలు. లక్షణాన్ని పరీక్షించవచ్చు, విలువకు కారణం చెప్పాలి, ఇష్టాన్ని గౌరవించాలి. ఏ ప్రదర్శననైనా ముందు అది చేయదలచిన పనితో కొలవాలి. కొలతలు అనేకమని భరతుడు చెప్పాడు. చెవికి శిక్షణ, నిష్పాక్షికత కావాలని హ్యూమ్ చెప్పాడు. అభిరుచిలో సామాజిక స్థానం దాగి ఉంటుందని బూర్దియూ చెప్పాడు. జ్ఞాపకమూ రికార్డూ రెండూ అసంపూర్ణ సాక్ష్యాలే. వాదనను మానేయడం వల్ల కళ బతకదు. కారణాలతో వాదించడం వల్ల బతికే అవకాశం ఉంది.

10. కీలక పదాలు

లక్షణ వాక్యం: ఎవరైనా విని సరిచూడగల వ్యాఖ్య.
విలువ వాక్యం: కారణాలతో సమర్థించవలసిన తీర్పు.
ఇష్ట వాక్యం: చెప్పినవారి మనసును మాత్రమే తెలిపే వ్యాఖ్య.
సిద్ధి: ప్రదర్శన సఫలం కావడం, మానుషి, దైవికి అని రెండు విధాలు.
ఔడవం: ఐదు స్వరాల రాగం.

11. నమూనా ప్రశ్నలు

(అ) పద్యనాటకంలో రాగాలాపన గురించిన వాదనను రెండు ఘట్టాల ఆధారంగా చర్చించండి. (30 పంక్తులు)
(ఆ) నాట్యశాస్త్రం చెప్పిన రెండు సిద్ధులను మీరు చూసిన ప్రదర్శనకు అన్వయించండి. (15 పంక్తులు)
(ఇ) అభ్యాసం: మీ ఊళ్లో ఈ ఏడాది జరిగే ఒక ప్రదర్శన చూడండి. మీకంటే కనీసం ఇరవై ఏళ్లు పెద్దవారు ఒకరినీ, చిన్నవారు ఒకరినీ దాని గురించి అడగండి. ముగ్గురి మాటల్లోని లక్షణ, విలువ, ఇష్ట వాక్యాలను వేరుచేసి, మీ తీర్పును ఒక పేజీలో రాయండి. మీకు నచ్చనిదాంట్లోని ఒక గుణాన్ని, నచ్చినదాంట్లోని ఒక లోపాన్ని అందులో తప్పక చెప్పండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1: జవాబులు
(i) ఇష్టం (ii) లక్షణం (iii) విలువ